మదీనాలో జియారత్: చూసేది కొంత, చదివేది కొంత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. తెలుగులో ప్రసంగమంటే మాకు కొంచెం బెరుకే. అయినా ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు మనవి. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు తెలుగులోనే చదువుతున్నారు. వారికి కూడా అర్థం కావాలని తెలుగులోనే నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

హజ్జ్‌కు, ఉమ్రాకు వెళ్ళే మనవాళ్ళు మక్కాలో చేయవలసిన విధులన్నీ ముందే నేర్చుకొని వెళతారు. ఎహ్రాం ఎలా కట్టాలి, తవాఫ్‌లో ఎన్ని చుట్లు, సయీ ఎక్కడ మొదలుపెట్టాలి అన్నీ శిక్షణ తరగతుల్లో చెబుతారు. మంచిదే. మదీనా విషయానికి వచ్చేసరికి మాత్రం జియారత్ పేరిట ఒక ఉదయం బస్సు ఎక్కిస్తారు. ఖుబా, ఖిబ్లతైన్, ఖందఖ్, ఒహద్. మూడు గంటల్లో అన్నీ అయిపోవాలి. దిగండి, ఫోటో తీసుకోండి, ఎక్కండి! ఇంటికి వచ్చాక "ఒహద్‌లో ఏం చూశారు చాచా?" అని అడిగితే, "కొండ చూశాం బేటా, ఎండ మాత్రం మండిపోయింది" అంటారు. ఇందులో వారి లోపం ఏమీ లేదండీ. ఒక జీవితకాలం పైసా పైసా కూడబెట్టి వెళ్ళినవారు వారు. ముందుగా కూర్చోబెట్టి చెప్పినవారే లేరు.

మదీనాలో చాలా చోట్ల కంటికి కనబడేది తక్కువ, తెలుసుకోవలసింది ఎక్కువ. అందుకే జియారత్ అంటే సగం చూపు, సగం చదువు అని మేము అంటాము.

మొదట ఆ ఊరు ఉన్న తీరు చూడండి. మక్కాకు ఉత్తరాన సుమారు 450 కిలోమీటర్ల దూరంలో, ఎడారి మధ్య ఖర్జూరపు తోటలున్న ఊరు. పూర్వనామం యస్రిబ్. దైవప్రవక్త (స) 622లో అక్కడికి వలస వెళ్ళాక మదీనా అయింది. ఊరికి తూర్పున, పడమరన నల్లరాతి మైదానాలున్నవి. ఒకప్పటి అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన నేల అది. గుర్రాలకు గాని ఒంటెలకు గాని ఆ రాళ్ళలో నడక కష్టం. దక్షిణాన దట్టమైన తోటలు, ఇళ్ళు. ఇక శత్రువు దండెత్తి రావలసింది ఉత్తరం దిక్కునుండే. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఒహద్, ఖందఖ్ రెండూ ఉత్తరపు వైపునే ఎందుకున్నాయో పిల్లవాడికైనా బోధపడుతుంది.

మసీదె నబవీతో మొదలుపెడదాం. ఈనాడు అది లక్షలమంది నమాజు చేసే పాలరాతి కట్టడం. రౌజాలో నమాజు చేయాలంటే ఫోనులో ముందుగా అనుమతి తీసుకోవలసిన కాలం వచ్చింది. మనం చూసే ఆకుపచ్చ గుంబజు కూడా ప్రవక్త (స) కాలం నాటిది కాదు. అక్కడ మొదటి గుంబజు కట్టింది 1279లో, దానికి పచ్చరంగు వేసింది 1837లో. తొలినాటి మసీదుకు పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు దుంగల స్తంభాలు, మట్టల పైకప్పు. ఆ స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. వారు ఉచితంగా ఇస్తామన్నా ప్రవక్త (స) ఒప్పుకోక వెల ఇప్పించారు. సంఘాలు నడిపే మనలాంటివారు ఈ మాట గుర్తుంచుకోవాలి. మసీదు కోసమైనా సరే, అనాథల సొమ్ము ఊరికే తీసుకోలేదు.

ఆ మసీదులోనే సుఫ్ఫా అని ఒక నీడ ఉండేది. ఇల్లూ వాకిలీ లేని బీదవారు అక్కడే ఉండి, అక్కడే చదువుకునేవారు. హజ్రత్ అబూ హురైరా ఆ సుఫ్ఫావారిలో ఒకరు. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది బడీ, హాస్టలూ రెండూను. మసీదు వెళ్ళినవారు అటువైపు ఒకసారి చూసి, మన మొహల్లాలో ఫీజు కట్టలేని పిల్లవాణ్ణి తలచుకుంటే, ఆ జియారత్ ఇంటిదాకా వచ్చినట్లే.

ఇక ఒహద్. మసీదుకు ఉత్తరాన సుమారు 5 కిలోమీటర్లు. 625లో అక్కడ యుద్ధం జరిగింది. పెద్ద కొండ ఎదురుగా విలుకాండ్ర గుట్ట అని చిన్న గుట్ట ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ జుబైర్ నాయకత్వాన 50 మంది విలుకాండ్రను అక్కడ నిలబెట్టి, గెలిచినా ఓడినా కదలవద్దని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. గెలుపు కనబడగానే వారిలో చాలామంది కిందికి దిగారు. అప్పటికి శత్రుపక్షంలో ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ వెనుకనుండి చుట్టివచ్చారు. సుమారు 70 మంది షహీదులయ్యారు. గుట్ట ఎక్కి నిలబడి అటు కొండను, ఇటు మైదానాన్ని చూడండి. ఆ కాపలా ఎంత ముఖ్యమో పుస్తకం లేకుండానే తెలుస్తుంది.

అక్కడి షహీదులలో హజ్రత్ హంజా పేరు అందరికీ తెలుసు. బడిపంతుళ్ళుగా మేము మరొక పేరు కూడా చెప్పాలి. హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్. మక్కాలో కలిగినవారి బిడ్డ, మంచి బట్టలకు పేరుపడ్డ యువకుడు. హిజ్రత్‌కు ముందే ఆయనను ఖురాన్ నేర్పడానికి యస్రిబ్‌కు పంపించారు. అంటే ఆ ఊరికి ప్రవక్త (స) కంటే ముందు చేరింది ఒక ఉపాధ్యాయుడు! ఒహద్‌లో జెండా పట్టుకొని షహీదయ్యారు. కఫనుకు ఒక్క దుప్పటి మాత్రమే దొరికింది. తల కప్పితే కాళ్ళు కనబడ్డాయి, కాళ్ళు కప్పితే తల కనబడింది. చివరికి తల కప్పి, కాళ్ళమీద గడ్డి వేశారు.

మేము వెళ్ళినప్పుడు మా బస్సు ఒహద్ వద్ద ఇరవై నిమిషాలు ఆగింది. డ్రైవరు హారను కొడుతున్నాడు. కంచె దగ్గర నిలబడ్డ ఒక ముసలమ్మ, "ఇక్కడ పడుకున్నవాళ్ళు ఎవరు బేటా?" అని మమ్మల్ని అడిగింది. ముస్అబ్ గారి కథ రెండు నిమిషాల్లో చెప్పాము. ఆమె కొంగు కళ్ళకు అద్దుకొని, "ఇంత దూరం వచ్చి, ఇది తెలియకుండానే పోయేదాన్ని కదా!" అన్నది. ఆ రోజు ఇంకెంతమంది తెలియకుండానే బస్సు ఎక్కారో మీరే ఆలోచించండి.

ఖందఖ్ దగ్గర కూడా అంతే. 627లో సుమారు 10,000 మంది సైన్యం మదీనాపైకి వచ్చింది. ఊళ్ళో ఉన్నవారు 3,000 మంది. కందకం తవ్వుదామని సలహా ఇచ్చింది ఇరాన్‌నుండి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ. పరదేశి మాట గదా అని ఎవరూ తోసివేయలేదు. పదిమందికి నలభై మూరల చొప్పున పని పంచారని చరిత్రకారులు వ్రాశారు. ఆకలితో ఉండి కూడా తవ్వారు, ప్రవక్త (స) కూడా మట్టి మోశారు. ఇప్పుడు అక్కడ కందకం కనబడదు. సలా కొండ పాదాన కొన్ని చిన్న మసీదులు, ఒక పెద్ద కొత్త మసీదు, రోడ్లు ఉన్నవి. తెలిసి వెళ్ళినవాడికి ఆ కొండ కిందనే కందకం కనబడుతుంది. తెలియనివాడికి కార్లు ఆగే చోటు కనబడుతుంది.

బస్సువారు అన్నిసార్లూ తీసుకువెళ్ళని చోట్లు రెండున్నవి. ఒకటి రూమా బావి. నీళ్ళు కొనుక్కోలేని బీదల కోసం హజ్రత్ ఉస్మాన్ ఆ బావిని కొని వక్ఫు చేశారు. ఆయన పేరుతో ఆ బావి నేటికీ ఉంది, చుట్టూ ఖర్జూరపు తోట ఉంది. రెండవది హిజాజ్ రైల్వే స్టేషను. దమస్కస్‌నుండి సుమారు 1,300 కిలోమీటర్ల దారి. 1900లో పని మొదలై 1908లో మదీనా చేరింది. దాదాపు నలభై రోజుల ఒంటె ప్రయాణం నాలుగైదు రోజులకు తగ్గింది. దీనికోసం లోకమంతటి ముస్లిములు చందాలు ఇచ్చారు. మన హిందూస్థానంనుండి, హైదరాబాదునుండి కూడా డబ్బు వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ దారి దెబ్బతిని మదీనాకు రైలు ఆగిపోయింది. ఆ స్టేషను తరువాత మ్యూజియం అయింది. 2018నుండి మక్కా మదీనాల మధ్య వేగంగా పోయే కొత్త రైలు నడుస్తున్నది. అందులో వెళ్ళేవారు, మన తాతల చందా చేరిన ఆ పాత స్టేషనును కూడా ఒకసారి చూసి రావాలని మా కోరిక.

చివరగా జన్నతుల్ బఖీ. ప్రవక్త (స) కుటుంబీకులు, సహాబాలు ఎందరో అక్కడ ఉన్నారు. పూర్వం కొన్ని సమాధులపై గుంబజులుండేవి, 1920లలో వాటిని తొలగించారు. దానిపై ముస్లిములలో వేర్వేరు అభిప్రాయాలున్నవి, ఆ వాదన ఈ సభకు వద్దు. ఇప్పుడు అక్కడ మట్టి, గుర్తుగా పెట్టిన రాళ్ళు మాత్రమే ఉన్నవి. పేరు వ్రాసిన పలక ఒక్కటీ లేదు. రాతిమీద లేని పేర్లు మన నోట్లో, మన పిల్లల నోట్లోనైనా ఉండాలి. లేకపోతే వాటిని చెప్పేవారు ఎవరు?

అందుచేత సంఘం పెద్దలకు రెండు మనవులు. మొదటిది: యాత్రకు బయలుదేరేవారికి ఒక సాయంత్రం మదీనా పటం గోడకు తగిలించి, ఈ చోట్ల సంగతి తెలుగులో చెప్పించండి. చదువు రాని తల్లులను ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాఠం చెప్పడానికి మేము సిద్ధం. రెండవది: తిరిగివచ్చిన ప్రతి హాజీ ఖజూర్లు, జమ్‌జమ్ పంచడంతోపాటు ఒక్క చోటు కథ మొహల్లా పిల్లలకు చెప్పాలి. ఒక ఏడాదికి పదిమంది వెళ్ళివచ్చినా పది పాఠాలవుతాయి.

అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక.