సవ్యసాచి బెట్టీ విల్సన్



క్రికెట్టు ఆటలో బ్యాటు పట్టినను, బంతి పట్టినను సమానముగా రాణించువారిని ఆల్ రౌండర్ అందురు. మన భాషలో సవ్యసాచి అనుట తగును. ఒకే టెస్టులో శతకము చేసి, పది వికెట్లు తీసిన మొదటి సవ్యసాచి ఎవరని అడిగినచో పలువురు ఇంగ్లండు ఆటగాడు ఇయాన్ బోథమ్ పేరు చెప్పుదురు. 1980లో బొంబాయి మైదానమున అతడు మన జట్టుపై ఆ ఘనతను సాధించెను. పురుషుల వరకు ఆ మాట నిజమే. కాని అంతకు ఇరువదిరెండేండ్ల ముందే ఒక స్త్రీ దానిని సాధించినది. ఆమె ఆస్ట్రేలియాకు చెందిన బెట్టీ విల్సన్. ఆమె క్రీడాజీవితమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచితిమి.

విల్సన్ 1921లో మెల్‌బోర్న్ నగరమున జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. ఇంట శిక్షకులు లేరు, సాధనమునకు వలలు లేవు. తల్లి మేజోడులో బంతిని పెట్టి, బట్టలారవేయు తీగకు వ్రేలాడదీసి, దానిని కొట్టుచు బాలిక తన ఆటను తీర్చిదిద్దుకొనెను. పదేండ్ల ప్రాయముననే కాలింగ్‌వుడ్ మహిళా క్లబ్బులో చేరెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చి అంతర్జాతీయ పోటీలను నిలిపివేసెను. ఆటగత్తెకు అమూల్యములైన యౌవన సంవత్సరములు అట్లే గడచిపోయినవి. తొలి టెస్టు ఆడునాటికి ఆమెకు ఇరువదియారేండ్లు నిండినవి.

ఆ ఆలస్యమునకు ఆమె ఆటతోనే బదులు చెప్పెను. 1948లో వెల్లింగ్టన్ నగరమున న్యూజీలాండుపై 90 పరుగులు చేసి, రెండు ఇన్నింగ్సులలో కలిపి పది వికెట్లు తీసెను. మరుసటి సంవత్సరము అడిలెయిడ్‌లో ఇంగ్లండుపై 111 పరుగులు చేసి, ఒక ఇన్నింగ్సులో 23 పరుగులకే ఆరు వికెట్లు పడగొట్టెను.

ఇక 1958 ఫిబ్రవరి మాట. మెల్‌బోర్న్‌లోని సెయింట్ కిల్డా మైదానమున ఇంగ్లండుతో టెస్టు. మొదటి దినము వాన పాలయినది. తడిసిన పిచ్‌పై ఆస్ట్రేలియా 38 పరుగులకే కుప్పకూలెను. ఆట చేజారినదని తలచుటలో తప్పులేదు. కాని విల్సన్ తన స్పిన్ బంతులతో ఏడు పరుగులకు ఏడు వికెట్లు తీసెను. అందులో ఒక హాట్రిక్ కూడ కలదు. మహిళల టెస్టులలో అదియే మొదటి హాట్రిక్. ఇంగ్లండు 35 పరుగులకే ముగిసెను. రెండవ ఇన్నింగ్సులో ఆమె సరిగా నూరు పరుగులు చేసి, పిదప తొమ్మిది పరుగులకు నాలుగు వికెట్లు తీసెను. మొత్తము పదునొకండు వికెట్లు, ఇచ్చినవి పదునారు పరుగులు! ఇంగ్లండు చివరకు ఎనిమిది వికెట్లు కోల్పోయి ఓటమి తప్పించుకొనుటచే ఆట డ్రాగా ముగిసినది.

ఆమె ఆడిన టెస్టులు పదునొకండు మాత్రమే. పరుగులు 862, సగటు 57.46. వికెట్లు 68, ఒక్కొక్క వికెట్టుకు ఇచ్చిన పరుగులు 11.80. ఆమెను స్త్రీలలో బ్రాడ్‌మన్ అని పిలిచిరి. మాకు ఆ పోలికకన్న ఆ పదునొకండు అను సంఖ్యయే ఎక్కువ ఆలోచన కలిగించుచున్నది. పదేండ్ల కాలములో ఇంతటి క్రీడాకారిణికి లభించిన అవకాశములు అంతేకదా! నాడు మహిళా క్రికెట్టు జీతము లేని కొలువు. విల్సన్ ఆట కొరకు తన వివాహమును సైతము వాయిదా వేసెను. తుదకు ఆ వివాహము జరుగనే లేదు.

గుర్తింపు నెమ్మదిగా వచ్చినది. 1985లో ఆస్ట్రేలియా క్రీడా కీర్తిమందిరమున స్థానము పొందిన మొదటి మహిళా క్రికెటర్ ఆమెయే. 2010లో ఆమె మరణించినది. అంతర్జాతీయ క్రికెట్ మండలి కీర్తిమందిరములో ఆమె పేరు చేరినది 2015లో. ఆ గౌరవమును చూచుటకు ఆమె లేదు.

శ్రోతలారా, మన పెరటిలో ఏ బాలికయైన బట్టల తీగకు బంతి కట్టి ఆడుచున్నచో, తీగ తెగునని కసరుకొనుటకు ముందు ఒక క్షణము నిలిచి చూడుడు. ఆమెకు వలసినది మన మెప్పుదల కాదు. ఆడుటకు తగిన చోటు, తగిన కాలములో. సెలవు.