పాట మీద నిషేధం ఎవరికి రక్ష?
(స్మారకోపన్యాసం)



ఊరంతా మాస్టారని పిలుచుకున్న తెలుగు ఉపాధ్యాయుని పేరు మీద ఏర్పడిన ధర్మనిధి ఇది. ఆయన తరగతిలో భాగవత పద్యం ఎంత శ్రద్ధగా చెప్పేవారో, సెలవుల్లో ఊళ్లు తిరిగి ఆడవాళ్ల పాటలు అంత శ్రద్ధగా రాసుకునేవారు. ఆ పాటల్లో వియ్యపురాలిని ఎగతాళి చేసేవి ఉన్నాయి. పెళ్లికొడుకు తరఫువాళ్లను వంశమెత్తి తిట్టేవి ఉన్నాయి. నలుగురిలో పాడితే తలవంచుకోవలసిన మాటలూ ఉన్నాయి. పాడినవాళ్లు ఎలా పాడితే అలాగే రాసుకున్నారు, ఒక్క మాట కొట్టివెయ్యలేదు. అలాంటి మనిషి పేరు మీద మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు, నేడు మన ఇళ్లలోనూ బడుల్లోనూ రేగుతున్న ఒక ప్రశ్నను ఎత్తుకోవడం ధర్మమనిపించింది.

ఆడదాన్ని సరుకుగా చూపే పాట, వెంటపడి వేధించడమే ప్రేమని చెప్పే పాట, కత్తిని, నెత్తుటిని మొగతనానికి గుర్తుగా పాడే పాట, ఒక కులాన్నో మతాన్నో కించపరిచే పాట ఇప్పుడు ప్రతి చేతిలోని ఫోనులో మోగుతున్నాయి. వీటిని ప్రభుత్వం నిషేధించవద్దా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. బస్సులో తనను చూసి అలాంటి పాట పెట్టినప్పుడు దిక్కుతోచక కూర్చున్న అమ్మాయి అడుగుతోంది. ఆ కోపం న్యాయమైనది. మన సమాధానం ఆమె ముఖం చూసి చెప్పగలిగేదై ఉండాలి.

నా సమాధానం ముందే చెబుతాను. మాటలు చెడ్డవన్న కారణంతో పాటను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇవ్వకూడదు. పాట ఫలానా చోట, ఫలానా మనుషుల మీద దాడిగా మారినప్పుడు చట్టం ఆ చేష్టను పట్టుకోవాలి, ఆలస్యం చెయ్యకుండా పట్టుకోవాలి. ఈ రెంటి మధ్యనున్న విశాలమైన చోటంతా మన బాధ్యత. ఈ నమ్మకాన్ని నాకు ఇచ్చింది మన చరిత్రే.

నాగరత్నమ్మ వేసిన ప్రశ్న

ముద్దుపళని పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న కవయిత్రి. దేవదాసి కుటుంబంలో పుట్టి, సంగీతంలో, సాహిత్యంలో పేరు తెచ్చుకున్న విదుషి. ఆమె రాసిన 'రాధికా సాంత్వనం'లో రాధ తాను పెంచిన ఇళ అనే పిల్లకు కృష్ణునితో పెళ్లి చేసి, ఆ తరువాత విరహంతో, అసూయతో రగిలిపోతుంది. చివరికి కృష్ణుడే వచ్చి ఆమెను బుజ్జగిస్తాడు. ఆడదాని కోరికను ఆడదే దాపరికం లేకుండా చెప్పిన ప్రబంధమది.

కందుకూరి వీరేశలింగం మన సమాజానికి చేసిన మేలు ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. అంతటివారూ ఈ పుస్తకం దగ్గరికి వచ్చేసరికి కవయిత్రి పుట్టుకను ఎత్తి, ఇందులోని శృంగారం స్త్రీలు వినదగింది కాదని తీర్పిచ్చారు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కొన్ని భాగాలు తీసేశారని గమనించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠాన్ని అచ్చు వేయించారు. సిగ్గు అనేది స్త్రీలకేనా, పురుషులకు అక్కర్లేదా అని పీఠికలో నిలదీశారు. ఇంతకంటె పచ్చిగా రాసిన మగకవులను మెచ్చుకున్నవారు ఒక స్త్రీ రాసేసరికి ఎందుకు ఉలిక్కిపడుతున్నారని అడిగారు.

జవాబుగా పోలీసులు వచ్చారు. 1911లో ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. పుస్తకం అశ్లీలమని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. పండితులు విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది. మూడు దశాబ్దాలు దాటాక, టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు ప్రధానిగా పూనుకున్నాక గానీ ఆ నిషేధం తొలగలేదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించినది ఈ నాగరత్నమ్మే. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నప్పుడు వారికోసం వేరే బృందాన్ని నిలిపినదీ ఆమే. అంతటి భక్తురాలు నిలబెట్టిన సంగీతం ఒక పక్క, ఆమె ప్రచురించిన కావ్యం మీద అశ్లీలమన్న ముద్ర మరొక పక్క.

ఆ నిషేధం వెనుక నిలిచింది 1868లో ఇంగ్లండులో పుట్టిన హిక్లిన్ కొలమానంలాంటి దృష్టి. చెడు ప్రభావానికి లోనుకాగల మనసు మీద ఒక రచన ఏ ముద్ర వేస్తుందన్నదే ఆ కొలమానానికి గీటురాయి. రచన మొత్తాన్ని, దాని ఉద్దేశాన్ని, కళను తూచే ఓపిక దానికి లేదు. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో మన సుప్రీంకోర్టు దాన్నే స్వీకరించింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో దాన్ని వదిలి, సమకాలీన సమాజపు ప్రమాణాలతో రచనను మొత్తంగా చూడాలని చెప్పింది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ కొలమానాన్ని వదిలించుకోవడానికి మనకు ఇంతకాలం పట్టింది.

హింసను పాడిన పాట

శృంగారం సంగతి వేరు, హింస సంగతి వేరు అని మీరనవచ్చు. అదీ చూద్దాం.

తెల్లదొరల పాలన వద్దని గరిమెళ్ళ సత్యనారాయణ కట్టిన పాట ఊరూరా మార్మోగినప్పుడు, ప్రభుత్వం ఆయనను జైలుకు పంపింది. విడుదలై మళ్లీ పాడితే మళ్లీ పంపింది. నాటి ప్రభుత్వం దృష్టిలో అది జనాన్ని రెచ్చగొట్టే ద్వేషగీతం. ఆ పాటను నేడు మన పిల్లలు ఆగస్టు పదిహేనున బడిలో పాడుతున్నారు. అది రాసిన మనిషి మాత్రం 1952లో మద్రాసులో పేదరికంలో కన్నుమూశారు.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్, మన గద్దర్, గొంగడి భుజాన వేసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి పాడిన పాటల్లో తుపాకీ ఉంది, దొర మీద కసి ఉంది, చనిపోయిన కొడుకు కోసం తల్లి ఏడుపు ఉంది. 1985లో ఆయన అజ్ఞాతంలోకి వెళ్లారు. 1990లో బయటికి వచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం పోటెత్తారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి, ఒక తూటా బతికినంతకాలం ఒంట్లోనే ఉండిపోయింది. 2023లో ఆయన మరణిస్తే ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. తెలంగాణ ప్రభుత్వం తన సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది.

ఆయన రాజకీయాలతో మీకు పొత్తు కుదరకపోవచ్చు. సాయుధ పోరాట మార్గం తప్పని మీరు గట్టిగా నమ్మవచ్చు. నేను అడిగేది ఒక్కటే. హింసను పాడినవన్నీ నిషేధించాలని చట్టం చేస్తే, వెంటపడి వేధించే వీరుణ్ణి పొగిడే పాట కంటె ముందు ఆ చట్టం ఎవరి గొంతు పట్టుకునేది? పదాల పట్టీ పట్టుకుని కూర్చున్న అధికారికి, హింసకు ఏడ్చే పాటా హింసలో ఆనందించే పాటా ఒక్కలాగే కనిపిస్తాయి. రెండింటిలోనూ నెత్తురు అన్న మాట ఉంటుంది కదా. తేడా తెలియాలంటే ఎవరు పాడుతున్నారు, ఎవరి తరఫున, ఎవరి మీద అని చూడాలి. నిషేధాజ్ఞకు ఆ చూపు ఉండదు.

సెన్సారు ఉన్నా ఏం జరిగింది?

నిషేధం అసలు పనిచేస్తుందా అన్నది మరో ప్రశ్న. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి. వి. కేస్కర్ సినిమా పాటలు అభిరుచిని చెడగొడుతున్నాయని భావించి ఆకాశవాణిలో వాటికి దాదాపు తలుపు మూసేశారు. శాస్త్రీయ సంగీతం మీద ఆయనకున్న గౌరవం నిజమైనదే. శ్రోతలు మాత్రం రేడియో సిలోన్ వైపు మళ్లారు. అదే ఏడాది చివర అక్కడ మొదలైన బినాకా గీత్‌మాలా దేశమంతా వ్యాపించింది. చివరికి 1957 అక్టోబరులో ఆకాశవాణే వివిధ భారతి పెట్టి సినిమా పాటను తిరిగి పిలుచుకోవలసి వచ్చింది. ఒక్క రేడియో తప్ప దిక్కులేని రోజుల్లోనే అలా జరిగితే, ఇవాళ ఒక పాటను తీసేసిన గంటలో పది చోట్ల అది తేలుతుంది, నిషేధించారన్న ప్రచారం దానికి అదనపు బలమవుతుంది.

సినిమా పాటకు ముందస్తు పరిశీలన 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కాలం నుంచీ ఉంది. స్త్రీలను కించపరిచే దృశ్యాలు ఉండరాదని 1991 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసి ఉంది. అయినా స్త్రీని ముక్కలు ముక్కలుగా వర్ణించి, కెమెరాను ఆమె ఒంటి మీద పాకించి, చుట్టూ వందమంది మగవాళ్లను ఎగిరించిన పాటలెన్నో ఆ పరిశీలన దాటి, ధ్రువపత్రం పుచ్చుకుని థియేటర్లకు వచ్చాయి. ప్రభుత్వం ముద్ర వేసింది కాబట్టి తప్పులేదని నిర్మాత అన్నాడు. సెన్సారే ఒప్పుకుంది కదా అని పత్రికలూ ఊరుకున్నాయి. డెబ్బయ్యేళ్లుగా ఉన్న పరిశీలన మన ఆడపిల్లకు రక్ష కాలేదు, కానీ మనకు బాధ్యత నుంచి తప్పుకునే వీలు మాత్రం ఇచ్చింది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

పాటా, పిలుపూ

పాట మనుషుల్ని చంపించగలదా అని అడిగితే, ర్వాండాను తలుచుకోకుండా జవాబు చెప్పలేం. 1994 ఏప్రిల్‌లో మొదలై సుమారు వంద రోజులు సాగిన మారణకాండలో లక్షల మంది టుట్సీ జాతివారిని, వారితోపాటు హింసను వ్యతిరేకించిన హుటూ జాతివారిని చంపారు. ఆ రోజుల్లో ఆర్‌టీఎల్‌ఎం రేడియోలో సిమోన్ బికిండి అనే ప్రసిద్ధ గాయకుడి పాటలు మోగాయి. ఐక్యరాజ్యసమితి నెలకొల్పిన ట్రైబ్యునల్ టాంజానియాలోని అరూషాలో ఆయనను విచారించింది. ఆ పాటలు చరిత్రను వక్రీకరించి జాతి ద్వేషాన్ని పెంచాయని తేల్చింది. అయినా 2008 డిసెంబరు 2న 15 ఏళ్ల శిక్ష వేసింది పాటలు రాసినందుకు కాదు. 1994 జూన్ చివర్లో ఒక దారి వెంట వాహనంలో పోతూ, లౌడ్‌స్పీకరులో టుట్సీలను చంపమని పిలుపునిచ్చినందుకు. ఆ పాటలు అంతకుముందు కట్టినవి. 1994లో వాటి ప్రసారంలో ఆయన చెయ్యి ఉందని రుజువు కాలేదు.

ఈ తీర్పు నాకు కఠినంగా కనిపిస్తుంది, అంతకంటె ఎక్కువగా వివేకవంతంగా కనిపిస్తుంది. అంతటి ఘోరం తరువాత కూడా న్యాయమూర్తులు పాటనూ పిలుపునూ కలిపెయ్యలేదు. ఏ దారి, ఏ రోజు, ఏ మాట, ఎవరికి వినిపించింది అని అడిగారు. మన సుప్రీంకోర్టు కూడా ఈ దారినే చూపింది. 1989లో రంగరాజన్ కేసులో ప్రమాదం ఊహలో ఉంటే చాలదని, దగ్గరలో, ప్రత్యక్ష సంబంధంతో ఉండాలని చెప్పింది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో చర్చ వేరు, సమర్థన వేరు, రెచ్చగొట్టడం వేరని గీత గీసింది.

ఈ గీత దగ్గర చట్టం మెతకగా ఉండమని నేను అనడం లేదు. ఊరేగింపును వేరే మతస్థుల ప్రార్థనా మందిరం ముందు ఆపి, వాళ్లను తిట్టే పాటను డీజేలో మోగించడం సంగీతం కాదు, దాడి. దళితవాడ ముందు కులం పేరెత్తి హేళనగా పాడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం ఉంది. బస్సులో అమ్మాయిని ఉద్దేశించి అశ్లీల గీతం పాడి ఇబ్బంది పెడితే, పాత శిక్షాస్మృతిలో 294వ సెక్షన్ ఉండేది, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్ ఉంది. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరును ఆపించడానికి 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి. కొత్త నిషేధం అడిగే ముందు వీటిని ఎందుకు అమలు చెయ్యరని పోలీసు స్టేషను మెట్ల మీద నిలబడి అడుగుదాం. ఆ అమ్మాయి కోరుతున్న రక్ష అక్కడ ఉంది.

మన వంతు

మిగిలినదంతా మనది. బడి వార్షికోత్సవంలో ఏడేళ్ల పాప చేత ఏ పాటకు నాట్యం చేయిస్తున్నామో హెడ్మాస్టరు, తల్లిదండ్రులు కూర్చుని ఆలోచించాలి. వద్దనుకోవడం సెన్సారు కాదు, పెంపకం. సినిమాకు ఇప్పుడు 7, 13, 16 ఏళ్ల చొప్పున యూఏ వర్గీకరణ వచ్చింది, దాన్ని చదివి పిల్లల్ని తీసుకువెళ్లే అలవాటు చేసుకోవాలి. తన కలం, తన గొంతు దేనికి ఇవ్వనో చెప్పే హక్కు పాట రాసేవారికీ పాడేవారికీ ఉంది. ఆ మాట అన్నందుకు అవకాశం పోగొట్టుకున్నవారి పక్కన మనం నిలబడాలి. సినిమా సమీక్షలో బాణీ బాగుందని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా, ఆ సాహిత్యం ఆడవాళ్ల గురించి ఏమంటోందో పత్రికలు పేరుపెట్టి రాయాలి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఎదురుపాట. పెళ్లిపందిట్లో మగపెళ్లివారిని తిట్టే పాట మన ఆడవాళ్లకు ఏడాదికొకసారి దొరికే గొంతు. మర్యాద పేరుతో దాన్నీ తుడిచేస్తే మిగిలేది మగవాళ్లు కట్టిన పాట ఒక్కటే. మాస్టారు ఆ పాటల్ని దిద్దకుండా దాచారు కాబట్టి మన ముందుతరం స్త్రీలు ఏమనుకున్నారో మనకు తెలిసింది. ఆ సేకరణను కోతలు లేకుండా అచ్చు వేయడానికి ఈ ధర్మనిధి పూనుకోవాలని నిర్వాహకులను ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను. అవమానపడ్డ వాళ్లు తిరిగి పాడటానికి బడిలో, రేడియోలో, సభలో చోటు కల్పించాలని అందరినీ కోరుతున్నాను.

ముద్దుపళని, గరిమెళ్ళ, గద్దర్ — ముగ్గురి తోవలు వేరు, కాలాలు వేరు. అధికారం ముగ్గురి పాట మీదా ఒకే విధంగా పడింది. నిషేధమనే కర్ర బలవంతుడి చేతిలోనే ఉంటుంది, అది ముందుగా తగిలేది బలహీనుడికే. అవమానించిన పాటకు నాగరత్నమ్మ ఇచ్చినటువంటి సమాధానమే మనమూ ఇవ్వాలి: మన పాఠాన్ని పూర్తిగా అచ్చు వేసి, మన ప్రశ్నను పేరుపెట్టి అడగాలి. ఆ ధైర్యం ఉన్న సమాజానికి సెన్సారు కత్తెర అక్కర్లేదు.