రహీం సాబ్‌ను దేనితో కొలవాలి?

ఫుట్‌బాల్ అభిమానులు నలుగురు చేరితే ఏ కాలపు కోచ్ గొప్పవాడన్న వాదన ఓ పట్టాన తెగదు. హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం విషయంలో అది మరీ చిక్కు. ఆయన శిక్షణలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ‘అప్పుడు పోటీ ఎక్కడిదండీ?’ అంటారు కొందరు. ఆ మాటను కొట్టిపారేయలేం. మెల్‌బోర్న్‌లో హంగరీ రాకపోవడంతో మొదటి రౌండు ఆడకుండానే దాటాం. ఆడి గెలిచింది ఆస్ట్రేలియా మీద ఒక్క మ్యాచే.

అందుకే పతకాల లెక్క చాలదు. ఉన్న ఆటగాళ్లతో కోచ్ ఏం చేయించాడో చూడాలి. 1962 జకార్తాలో తొలి మ్యాచ్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. అయినా రహీం అతణ్ణి ఫార్వర్డ్‌గా దింపారు. సాహసమే మరి! సెమీఫైనల్లో ఒకటి, ఫైనల్లో ఒకటి గోల్ కొట్టాడతను. ఆ ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించాం. పోటీ తక్కువన్న వాదన ఇక్కడ నిలవదు, ప్రత్యర్థి మారలేదు కదా. జట్టులో చునీ గోస్వామి, పీకే బెనర్జీ లాంటి మేటి ఆటగాళ్లు ఉంటే ఎవరైనా గెలుస్తారంటారా? వాళ్లెవరూ లేని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిపించిందీ ఆయనే.