క్యాషియరు చేతిలో స్టాప్‌వాచ్



మా స్కూలు మాస్టారి పేరున మాట్లాడమని అడగగానే నాకు ఆయన ప్రొజెక్టరు చప్పుడు వినిపించింది. స్కూలు హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి మాకు ఒక శనివారం ‘పాతాళభైరవి’, మరో శనివారం ‘మల్లీశ్వరి’ చూపించారు. ‘‘రెండూ 1951లోనే వచ్చాయి. స్టూడియో ఒకటే, హీరో ఒక్కడే. మరి ఇంత తేడా ఎందుకొచ్చిందిరా?’’ అని అడిగారు. మేం నోరు మెదపలేదు. నలభై ఏళ్లు ఆలస్యంగా ఇవాళ జవాబు చెప్పుకుంటాను.

ఆ తేడా వెనక ఉన్నది దర్శకుడికీ పెట్టుబడికీ మధ్య తగువు. అలాంటి తగువంటే హాలీవుడ్ కథలు చెప్పుకోవడం మనకు అలవాటు. మద్రాసులో ఆ తగువు ఒకే ఇంటి వసారాలో నడిచింది. వాహినీ సంస్థను 1939లో ‘వందేమాతరం’తో నిలబెట్టిన బి.ఎన్. రెడ్డి అన్న. చక్రపాణితో కలిసి విజయా సంస్థ నడిపిన నాగిరెడ్డి తమ్ముడు. అన్న కట్టిన వాహినీ స్టూడియో చివరికి తమ్ముడి చేతికే వచ్చింది.

బి.ఎన్. సినిమాకు తొందర తెలియదు. ‘మల్లీశ్వరి’ కోసం దేవులపల్లి కృష్ణశాస్త్రిని తొలిసారి సినిమాకు తెచ్చుకున్నారు. వాన సన్నివేశం గుర్తుందా? తిరనాళ్ల నుంచి వస్తూ బావామరదళ్లు నాగరాజు, మల్లి పాడుబడ్డ మండపంలో తలదాచుకుంటారు. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలూ కవి పెద్దనా అక్కడే ఉంటారు. మల్లి నాట్యం చేస్తుంది. మరదలికి పల్లకీ పంపించమని నాగరాజు వేళాకోళమాడతాడు. కథంతా ఆ వేళాకోళం మీదే తిరుగుతుంది, కానీ దర్శకుడు దాన్ని నొక్కి చెప్పడు. వాన తెరిపిస్తుంది, బండి సాగిపోతుంది, అంతే.

ఇక విజయా వారికి ‘పాతాళభైరవి’ తీసిన కె.వి. రెడ్డి. ఆయన వాహినీలో క్యాషియరు. ‘భక్త పోతన’తో దర్శకుడయ్యారు. స్క్రిప్టు పూర్తిగా తేలనిదే సెట్టు మీదికి వెళ్లేవారు కారు. సంభాషణలు చదివించి, స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశానికీ నిడివి కట్టేవారు. నిమిషం సినిమా అంటే తొంభై అడుగుల ఫిల్ము. గడియారంలో రూపాయిలు కనిపించడం క్యాషియరుకే సాధ్యం.

దీన్ని వ్యాపారానికి తలవంచడమనే వాళ్లున్నారు. నేనొప్పుకోను. లెక్క తన గుప్పిట్లో ఉంది కాబట్టే ఇంకొకరు లెక్క అడిగే సందు ఆయన ఇవ్వలేదు. 1957 నాటి ‘మాయాబజార్’ చూడండి. భారత కథ తీస్తూ ఒక్క పాండవుణ్ణీ తెర మీదికి తేలేదు! ఏ పంపిణీదారుడి దగ్గరైనా ముందుగా ఆ మాట అని ఉంటే గుండె ఆగేది. మరోవైపు అన్నపూర్ణా సంస్థ 1951లో పుట్టి, ఆయన ఖాళీ అయ్యేదాకా కూర్చుని, 1955లో ‘దొంగరాముడు’తో ఖాతా తెరిచింది. నిర్మాతే దర్శకుడి కోసం నాలుగేళ్లు ఎదురు చూశాడన్నమాట.

బి.ఎన్.కు ఆ లెక్క కుదరలేదు. ‘సైలస్ మార్నర్’ నవలను ‘బంగారు పాప’గా మలిచి, ఎస్వీ రంగారావు చేత కోటయ్య పాత్ర వేయించిన మనిషి, 1960లో ‘రాజమకుటం’ అని కత్తుల జానపదం తీశారు. బాగానే ఉంటుంది. కానీ చుట్టాలింట్లో భోంచేస్తున్న మనిషిలా ఉంటారు ఆయన అందులో.

స్టాప్‌వాచ్ మాత్రం కె.వి.ని చివరిదాకా కాసిందా అంటే అదీ లేదు. 1968లో విజయా వారికి తీసిన ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ నిలవలేదు. సన్నివేశం ఎన్ని నిమిషాలో గడియారం చెబుతుంది. జనం అభిరుచి మారిపోయిందని చెప్పదు. మరుసటేడు ‘బంగారు పంజరం’తో బి.ఎన్. సినిమాలు తీయడం మానేశారు. ముప్ఫయ్యేళ్లలో ఆయన తీసినవి పదకొండు.

‘మల్లీశ్వరి’ వేసిన శనివారం వాన సన్నివేశం కాగానే మాస్టారు ప్రొజెక్టరు ఆపి, రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. హాలుకు తాళం వేయడానికి వచ్చిన ప్యూను, తాళంచెవుల గుత్తి ఒళ్లో పెట్టుకుని మా పక్కనే బల్ల మీద కూర్చుండిపోయాడు.