పంపును ముట్టుటకు ముందు

(చిలకలూరిపేటలో పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



పాత డీజిలు కారును గూర్చి మీకు చెప్పనేల యని కొందరు తలపవచ్చును. పంచాయతీల పేరిట నున్న వాహనములకు 15 ఏండ్లు నిండినచో, 2023 ఏప్రిల్ 1 నుండి వాటి రిజిస్ట్రేషను చెల్లదు. అంబాసిడరు కార్ల తయారీయు 2014లో నిలిచిపోయినది. అయినను రైతుల ఇండ్లలో పాత కార్లు, జీపులు కొన్ని మిగిలియున్నవి. అర్ధరాత్రి ఆపద వచ్చినచో ఊరివారు తలుపు తట్టునది పంచాయతీ సభ్యుని ఇంటనే. ఆయన పరుగెత్తునది బండి గలవాని ఇంటికే.

మా అనుభవమునే మనవి చేసెదము. ఒక పుష్యమాసపు వేకువను మా వీధి ఆడపడుచునకు నొప్పులు వచ్చినవి. 108 వాహనము వేరొక గ్రామమునకు పోయియుండెను. మా కారు ఎంత త్రిప్పినను అంటుకొనలేదు. తెల్లని పొగ మాత్రము వచ్చెను. చివరకు ట్రాక్టరుపై ఆమెను పేటకు చేర్చితిమి. తల్లీబిడ్డలు క్షేమముగా బయటపడిరి. కాని ఆ సిగ్గు మమ్ము వదలలేదు.

కారణమేమన, నాలుగు దినములకు ముందు, బండి లాగుటలేదని మేమే పంపు బోల్టులు వదులుచేసి, చెవితో విని, ఇటునటు త్రిప్పి బిగించితిమి. అసలు దోషము పంపులో లేదు. ఒక ఎగ్జాస్టు వాల్వునకు సందు లేక, అది పూర్తిగా మూతపడక, కంప్రెషను కారిపోవుచుండెను. ఒక లోపమునకు మేము మరియొక లోపమును చేర్చితిమి.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పెట్టు ప్లగ్గు లేదు. సిలిండరులోని గాలిని సుమారు 20వ వంతునకు నొక్కగా అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిలో చిమ్మబడిన డీజిలు తనంతట అంటుకొనును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ జర్మనీలో నడిపి చూపిన ఇంజను సూత్రమిదియే. ఆ వేడిని నిలుపునవి వాల్వులు. డీజిలును వేళకు అందించునది పంపు. వాల్వులు చెడియుండగా పంపును దిద్దుట కళ్లము చిమ్మక మిరపకాయలు ఆరబోయుట వంటిది.

కావున వరుస తప్పరాదు. మొదట గాలి ఫిల్టరును చూడవలెను. మన ప్రాంతమున దూది నూగు, మిరప దుమ్ము దానిని త్వరగా కప్పివేయును. గాలి చాలనిచో నల్లపొగ వచ్చును. పిదప డీజిలు ఫిల్టరును, గొట్టములలో గాలి చేరినదేమో చూడవలెను.

తరువాత వాల్వులు. బండిని న్యూట్రలులో ఉంచి చక్రములకు రాళ్లు అడ్డుపెట్టుడు. నాలుగు సిలిండర్ల ఇంజనులో 4వ దాని వాల్వులలో ఒకటి మూసుకొనుచు, రెండవది తెరచుకొనుచు ఉన్న చోట నిలిపి 1వ దాని సందు కొలువవలెను. 3వ దానిని అట్లు నిలిపి 2వ దానిని కొలువవలెను, ఇట్లే తక్కినవియు. రెండంకెలు కూడినచో 5 కావలెను. ఫీలరు గేజి రేకు కొద్ది పట్టుతో జారవలెను. సందెంతయో, ఇంజను చల్లగానున్నప్పుడు కొలువవలెనో వేడిగానున్నప్పుడో, ఆ ఇంజను పుస్తకమే చెప్పును; పొరుగు బండి కొలత పనికిరాదు. సందు తక్కువైన వాల్వు కాలును. ఎక్కువైన టకటక మనును.

అప్పటికిని లోపము తీరనిచో పంపు. కదల్చుటకు ముందు పంపు, ఇంజను కలియు అంచున సన్నని గీత గీయుడు. ఇంజనును నడచు దిక్కుననే త్రిప్పుచు 1వ సిలిండరు నొక్కుడు వేళకు రావలెను. వరుస పంపులో డెలివరీ వాల్వు తీసి వంపు గొట్టము బిగించినచో, చుక్కలు ఆగిన క్షణమే డీజిలు చిమ్ముట ఆరంభమగు వేళ. అప్పుడు ఫ్లైవీలు గుర్తు సూచికకు ఎదురుగా ఉండవలెను. గుండ్రని రోటరీ పంపునకు డయలు గేజి కావలెను. దానిని తెలిసిన మెకానిక్కునకే వదలుడు. సీలు వేసిన మరలను ఎవ్వరును ముట్టరాదు. వేళ ముందైనచో సుత్తితో కొట్టినట్లు మ్రోగి పిస్టను చెడును. వెనుకైనచో తెల్లపొగ వచ్చి బండి లాగదు.

ఒక హెచ్చరిక: ఇంజక్టరు చిమ్ము ధారకు చేయి అడ్డుపెట్టకుడు. అది చర్మమును చీల్చి లోనికి పోవును. సూదిపోటంత గాయమైనను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సభ్యులారా! మీ గ్రామమున రాత్రివేళ పనికివచ్చు బండ్లేవో వ్రాసియుంచుడు. చలికాలము రాకమునుపే వాటి యజమానులచే వాల్వులు చూపించుడు. చూచిన తేదీ, కొలత ఒక పుస్తకమున వ్రాయించుడు. మా కారులో ఇప్పుడట్టి పుస్తకమున్నది. దాని మొదటి పుటలో మేము వ్రాసికొన్నది ఆ పుష్యమాసపు వేకువ తేదీయే.