కడుపులోని కరెంటు

 

మధ్యాహ్నం అన్నం తినగానే కబడ్డీకి పరుగెత్తుతుంటే మన పీటీ సారు చెవి పట్టుకుని ఆపేవారు. "ముందు కడుపును దాని పని చేసుకోనియ్యిరా!" అనేవారు. ఆ మాట అర్థం కావడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

బొంతపల్లి, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో మీటర్లు, గేజీలు చూసుకునే ఇంజనీరును నేను. నాకు తెలిసిన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. గుండెలో కరెంటు ఉందని ఈసీజీ తీయించుకున్న అందరికీ తెలుసు. కడుపులోనూ ఉంది. జీర్ణాశయం గోడలోని కహాల్ కణాలు నిమిషానికి సుమారు 3 అలలు పుట్టిస్తాయి. అంటే మన లైను కంటే వెయ్యి రెట్లు నిదానం. ఆ తాళానికే కండరాలు ముడుచుకుని అన్నాన్ని నలిపి పేగులోకి తోస్తాయి. పొట్ట చర్మం మీది నుంచే ఈ అలలను నమోదు చేయవచ్చని 1922లో అమెరికా వైద్యుడు వాల్టర్ అల్వరెజ్ ప్రచురించాడు.

తిన్నాక మెల్లగా నడిస్తే కడుపు ఖాళీ కావడానికి సాయమవుతుంది. గట్టిగా పరుగెత్తితే రక్తం కాళ్ల వైపు మళ్లుతుంది, కడుపు పని మందగిస్తుంది, వికారం పుడుతుంది. వికారం వేళ ఆ మూడు అలల లెక్క తరచుగా తప్పుతుంది. అయితే పరుగెత్తే మనిషిలో దీన్ని కొలవడం కష్టం. మోటారు పక్కన వేసిన సిగ్నల్ కేబుల్ లాగే, ఒళ్లు కదిలితే ఆ సన్నని సంకేతం గోలలో కలిసిపోతుంది. అందుకే మనిషిని కదలకుండా ఉంచి కొలుస్తారు.

ఇదంతా నేను సరదాకి చదవలేదు. మూడేళ్ల కిందట రాత్రి తిన్న అన్నం తెల్లారి వాంతయ్యేది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు కడుపు నరాలను దెబ్బతీసిందని డాక్టరు చెప్పారు. ఆ కహాల్ కణాలూ తగ్గిపోతాయట. ప్లాంటులో ప్రతి గేజీని వేళకు సరిచూసే నేను, నా షుగరు పరీక్షను మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. ఇంట్లో కూడా చెప్పలేదు.

మనలో చాలామంది ఈ షిఫ్టుల్లోనే ఉన్నాం. నాలుగు ముద్దలు మింగి బస్సు కోసం పరుగెత్తేవాళ్లమే. ఈ వారమే షుగరు పరీక్ష చేయించుకోండి. నాలాగా దాచకండి.

సార్, మీరు ముందు వరుసలోనే ఉన్నారు. ఇప్పుడు తిన్నాక పరుగెత్తడం లేదు. మందులు వేళకు వేసుకుని, కొద్దికొద్దిగా తిని, వీరభద్రస్వామి గుడి వైపు మెల్లగా నడుస్తున్నాను.

సెలవు.