ఆటగాడి మీద ఇంటి నుంచి ఫిర్యాదు వస్తే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ‘ఆటలు - విలువలు’ అనే అంశం ఇచ్చారు. ఆటలు క్రమశిక్షణ నేర్పుతాయని నాలుగు మాటలు చెప్పి కూర్చోవచ్చు. అది అబద్ధం కాదు. కానీ నేను ఉద్యోగరీత్యా ఉంటున్న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో ఆ మాటకు 2014లో గట్టి పరీక్ష ఎదురైంది. ఆ సంగతి చెబుతాను.

రే రైస్ అనే ఆయన బాల్టిమోర్ రేవన్స్ జట్టులో పేరున్న ఆటగాడు. ఆట ఫుట్‌బాలే కానీ మనది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. 2013 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. సరిగ్గా ఏడాదికి, అట్లాంటిక్ సిటీలోని ఒక క్యాసినో లిఫ్టులో ఆయన తనకు కాబోయే భార్యను కొట్టారు. స్పృహ లేని ఆమెను లిఫ్టులోంచి బయటికి లాగుతున్న వీడియో కొద్ది రోజుల్లోనే బయటపడింది. గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది. మర్నాడే వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. కేసు విచారణకు వెళ్లకుండా, ఆయన్ని ఒక సంస్కరణ కార్యక్రమంలో చేర్చారు.

ఇక జట్టు, లీగ్ ఏం చేశాయో చూడండి. మే నెలలో విలేఖరుల సమావేశం పెట్టి ఆమెను ఆయన పక్కనే కూర్చోబెట్టారు. ఆ రాత్రి జరిగినదాంట్లో తన పాత్రకు ఆమె విచారిస్తున్నారని జట్టు ట్విటర్‌లో ప్రకటించింది. దెబ్బ తిన్న మనిషి చేతే సంజాయిషీ చెప్పించారన్నమాట. లీగ్ కమిషనర్ ఆయన్ని విచారించినప్పుడు కూడా ఆమె అదే గదిలో ఉన్నారు. భర్త ఎదురుగా ఏ భార్య మనసు విప్పి చెబుతుంది? జులైలో శిక్ష ప్రకటించారు: 2 మ్యాచ్‌ల నిషేధం.

జనం మండిపడ్డారు. ఆగస్టులో కమిషనర్ తన నిర్ణయం సరిగా లేదని ఒప్పుకుని, ఇకపై మొదటి తప్పుకు 6 మ్యాచ్‌ల నిషేధమన్నారు. సెప్టెంబర్ 8న లిఫ్టు లోపలి వీడియో వచ్చింది. అదే రోజు జట్టు ఆయన్ని తీసేసింది, లీగ్ నిరవధికంగా నిషేధించింది. కొట్టాడన్న సంగతి అందరికీ ముందే తెలుసు. కొత్తగా వచ్చింది బొమ్మ ఒక్కటే. నవంబర్‌లో మాజీ న్యాయమూర్తి బార్బరా జోన్స్ ఆ నిషేధాన్ని కొట్టేశారు. ఆయన లీగ్ దగ్గర నిజం దాచలేదని, ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయడం కుదరదని తేల్చారు. ఆయన మళ్లీ ఆ లీగ్‌లో ఆడలేదు.

ఇందులో ఎవరికి న్యాయం జరిగింది? మొదట ఆటగాణ్ణి కాపాడుకున్నారు, తర్వాత తమ పరువు కాపాడుకున్నారు. రెండుసార్లూ కొలబద్ద జనం అరుపే.

దీని తర్వాత, 2015లో అక్కడి బేస్‌బాల్ లీగ్ ఆటగాళ్ల సంఘంతో కూర్చుని ముందే ఒక విధానం రాసుకుంది. ఫిర్యాదు రాగానే ఆటగాణ్ణి జీతంతో సెలవు మీద ఉంచి విచారించవచ్చు. కోర్టులో నేరం రుజువు కాకపోయినా చర్య తీసుకోవచ్చు. 2016లో అరోల్డిస్ చాప్‌మన్ అనే ఆటగాడి మీద పోలీసు కేసు లేకపోయినా, గొడవ జరిగిన రోజు తుపాకీ పేల్చడం తప్పని లీగ్ నిర్ణయించి 30 మ్యాచ్‌లు ఆపింది.

‘నేరం రుజువు కాకముందే కూడు తీసేస్తారా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఇక్కడున్న మాస్టార్లకు నాకంటే బాగా తెలుసు. సర్వీసు రూల్సులో విచారణ తేలేదాకా చేసే సస్పెన్షన్ శిక్ష కాదు. జీవనభృతి ఇస్తారు. ఏ తప్పూ లేదని తేలితే తిరిగి తీసుకుంటారు. గుమస్తాకు వర్తించే ఈ పద్ధతి సెంచరీలు కొట్టేవాడికి ఎందుకు వర్తించకూడదు?

మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమలులో ఉంది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్టి అవమానించడం, ఖర్చులకు డబ్బు ఇవ్వకుండా వేధించడం కూడా హింసేనని ఆ చట్టం చెబుతుంది. మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆమెను ఇంట్లోంచి గెంటేయకుండా ఆపవచ్చు. కానీ ఆటగాణ్ణి నెత్తిన పెట్టుకున్న క్లబ్బు ఏం చేయాలో ఆ చట్టం చెప్పదు. అది క్లబ్బే రాసుకోవాలి. లేకపోతే ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అన్న పాత మాటే రూలు అవుతుంది.

మన సంఘం ఈ ఏడాది నుంచి క్రీడా పురస్కారం ఇస్తోంది. గ్రహీతల పేర్లు బడి గోడ మీద రాయిస్తామంటున్నారు. సంతోషం. దానితోపాటు మూడు వాక్యాలు నిబంధనల్లో చేర్చమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఫిర్యాదు వస్తే పురస్కారం నిలిపి ఉంచాలి, రద్దు చేయకూడదు. విచారించేవాళ్లు ఆటగాడికి స్నేహితులో చుట్టాలో కాకూడదు, ఆమె మాట ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు వినాలి. పెద్ద ఆటగాడికీ చిన్న ఆటగాడికీ ఒకటే గడువు, ఒకటే పద్ధతి ఉండాలి.

ఇవాళ ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అందుకే ఇవాళే రాసుకోవాలి. ఎవరి పేరూ కళ్ల ముందు లేనప్పుడు రాసిన రూలులో పక్షపాతం తక్కువ. రేపటి సర్వసభ్య సమావేశంలో దీన్ని చర్చకు పెడితే, నాకిచ్చిన ఈ పది నిమిషాలు సార్థకమైనట్టే.